వెళ్లిపొమ్మన్న రాజే వెళ్లనివ్వలేదు

పోర్చుగల్ పౌరసత్వం గొడవ 2025లో మళ్లీ రాజుకుంది. ఒకప్పుడు అక్కడి నుంచి చెదిరిపోయిన యూదుల వారసులకు 2015లో ఇచ్చిన పౌరసత్వ అవకాశాన్ని ఎత్తేయాలన్నది అప్పటి ఒక వాదన. కనీసం మూడేళ్లు అక్కడ నివాసం ఉండి తీరాలని 2024లోనే మెలిక పెట్టారు.

1492లో స్పెయిన్ యూదుల్ని తరిమేసిన కథ అందరికీ తెలిసిందే. అసలు ముడి 1497లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పడింది. పోర్చుగల్ రాజు మాన్యుయెల్‌కు స్పెయిన్ రాకుమారితో పెళ్లి కుదరాలి. యూదుల్ని పంపేస్తేనే పిల్లనిస్తామన్నారు అటువాళ్లు. 1496 డిసెంబరులో, పది నెలల్లో దేశం విడవాలని ఆజ్ఞ వేశాడు. అయితే వైద్యం, వ్యాపారం తెలిసిన జనాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేదు. అందుకే గడువు తీరకముందే, యూదుల పస్కా పండుగ రోజుల్లో పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కుని బాప్తిస్మం ఇప్పించాడు. ఓడల కోసం లిస్బన్ చేరిన వేలమందిదీ చివరికి అదే గతి. ఇరవై ఏళ్లపాటు వీళ్ల మతం గురించి ఆరా తీయబోమని మాటిచ్చి, 1499లో దేశం దాటకుండా కట్టడి చేశాడు.

అంటే పోర్చుగల్‌లో జరిగింది బహిష్కరణ కాదు. ఉన్నవాళ్లు దాదాపు అందరూ ఒక్కసారే 'కొత్త క్రైస్తవులు' అయిపోయారు. 1536లో ఇంక్విజిషన్ (మతం తప్పారన్నవాళ్లను విచారించే చర్చి న్యాయస్థానం) వచ్చేనాటికి గుట్టుగా బతకడం ఆ ఇళ్లకు అలవాటైపోయింది.

ఎంత గుట్టంటే, 1917లో శామ్యూల్ ష్వార్జ్ అనే పోలండ్ గనుల ఇంజినీరు కొండల్లోని బెల్మోంటె ఊళ్లో తానూ యూదుణ్ణేనంటే ఆడవాళ్లు నమ్మలేదు. వాళ్ల ప్రార్థనలు పోర్చుగీసులో ఉండేవి, అవి ఈయనకు రావు. ఏదైనా ప్రార్థన చెప్పమన్నారు. 'ఇశ్రాయేలూ వినుము' అని హీబ్రూలో మొదలుపెట్టాడు. 'అదోనాయ్' (ప్రభువు) అన్న మాట వినగానే చేతులతో కళ్లు మూసుకున్నారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత వాళ్లకు మిగిలిన హీబ్రూ దాదాపు ఆ ఒక్క మాటే. ఆ ఊళ్లో ప్రార్థనా మందిరం వెలిసింది 1996లో.

బెల్మోంటె వాళ్లకు ఈ చట్టంతో పనిలేదు, వాళ్లు పోర్చుగీసులే. పని పడేది తర్వాతి కాలంలో సముద్రాలు దాటి పారిపోయినవాళ్ల వారసులకు. 2021లో రష్యా కుబేరుడు అబ్రమోవిచ్‌కు పౌరసత్వం దక్కడంతో పాస్‌పోర్టుల బేరమన్న మాట పుట్టింది, విచారణ మొదలైంది. అప్పట్నుంచీ ఒకటే పాట: సంబంధం ఉంటే రుజువు చూపండి.

పేరు మార్చుకుని, పండుగలు దాచుకుని బతికిన కుటుంబం దగ్గర కాగితాలెక్కడివి? ఉన్నవి లిస్బన్‌లోని తోరె దొ తోంబొ భాండాగారంలో, ఇంక్విజిషన్ విచారణ కట్టల్లో. పంది మాంసం ముట్టదనో, యూదుల విశ్రాంతి దినమైన శనివారం ఉతికిన చొక్కా వేసుకున్నాడనో ఇరుగుపొరుగు చెప్పిన సాక్ష్యాలు వాటిలో ఉన్నాయి. కొందరు దరఖాస్తుదారులు వాటి నకళ్లనే జతచేశారు.