ఆసియా క్రీడల్లో మన చరిత్ర: డెస్క్‌లో కూర్చుని దిద్దీ దిద్దీ విసిగిన కొన్ని అపోహలు

ఆసియా క్రీడలు మొదలయ్యాయంటే స్పోర్ట్స్ డెస్క్‌లో ఉన్న మాకు పతకాల పట్టికే లోకం. ఆ పట్టిక ఎన్ని విషయాలు చెబుతుందో అన్ని దాస్తుంది కూడా. అందుకే దాన్ని ఒక్క చూపు చూసి ఎవరైనా చరిత్ర చెప్పేస్తుంటే ఊరుకోలేను.

అపోహ: 1951లో రెండో స్థానంలో ఉన్నవాళ్లం, తర్వాత అంతా దిగజారుడే.

ఢిల్లీలో జరిగిన ఆ తొలి క్రీడల్లో 15 స్వర్ణాలతో జపాన్ తర్వాత నిలిచింది మనమే, కాదనను. కానీ వచ్చినవి 11 దేశాలు. పాకిస్తాన్ రాలేదు. దక్షిణ కొరియా యుద్ధంలో ఉంది. చైనా అయితే 1974 టెహ్రాన్ క్రీడల దాకా ఈ గడప తొక్కనే లేదు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడలకు 45 దేశాలు వచ్చాయి, అక్కడ మనది నాలుగో స్థానం. నన్నడిగితే ఈ నాలుగే బరువైనది.

అలాగని అప్పటి 51 పతకాల పక్కన ఇప్పటి 107 పెట్టి రెట్టింపయ్యామని మురిసిపోవడమూ తప్పే. ఢిల్లీలో ఉన్నవి 57 ఈవెంట్లు, అంటే స్వర్ణాల్లో పావు వంతుకు పైగా మనవే. హాంగ్‌ఝౌలో 481 ఈవెంట్లకు మనకు దక్కింది 28. నిజంగా అడుగంటింది చూడాలంటే 1990 బీజింగ్ చూడండి. ఒకే ఒక్క స్వర్ణం. అదీ ఆ ఏడాదే కొత్తగా చేర్చిన కబడ్డీ పుణ్యం. కబడ్డీ లేకపోతే స్వర్ణాల్లో ఉత్త చేతులే.

అపోహ: హాకీలో ఆసియాకు మనమే రాజులం.

ఒలింపిక్స్ జ్ఞాపకాలను తెచ్చి ఇక్కడ అంటించడం వల్ల వచ్చిన భ్రమ ఇది. 1958 టోక్యోలో హాకీ తొలిసారి పెట్టారు. పాకిస్తాన్‌తో మన మ్యాచ్ 0-0. ఫైనల్ అంటూ లేదు, గోల్ సగటు లెక్కేస్తే స్వర్ణం వాళ్లకు పోయింది. 1962 ఫైనల్లో 0-2తో ఓడాం. 1966 బ్యాంకాక్‌లో గానీ స్వర్ణం చేతికి రాలేదు, మళ్లీ రెండోదానికి 1998 దాకా ఆగాం. 1982లో సొంతగడ్డ మీద ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 1-7. ఆ స్కోరు టైప్ చేయాల్సి వస్తే ఇప్పటికీ వేలు ఆగుతుంది. పురుషుల హాకీలో మన స్వర్ణాలు నాలుగు, పాకిస్తాన్‌వి ఎనిమిది.

అపోహ: ఫుట్‌బాల్‌లో మనకేముంది?

రెండు స్వర్ణాలున్నాయి, 1951లో, 1962లో. రెండుసార్లూ కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమే. జకార్తాలో 1962 ఫైనల్ నాటికి ప్రేక్షకులు మన మీద మండిపడుతున్నారు. ఆతిథ్య ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్‌లకు వీసాలివ్వకపోవడాన్ని ఆసియా క్రీడల సమాఖ్యలో ఉన్న మన జి.డి. సోంధీ తప్పుపట్టడమే కారణం. తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ కొరియాపై 2-1 గెలుపులో ఒక గోల్ ఆయనదే.

అపోహ: కరణం మల్లీశ్వరి ఆసియా క్రీడల స్వర్ణ విజేత.

కాదు. 1994లో రజతం, 1998లో రజతం.

అపోహ: రేసు అయిపోతే పతకం ఖాయమైనట్టే.

2023 అక్టోబర్ 1 రాత్రి మా డెస్క్ మీద ఉంటే తెలిసేది. హాంగ్‌ఝౌలో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. చైనా అమ్మాయి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలింది, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీకీ రెడ్ కార్డు చూపించారు. ‘జ్యోతి ఔట్’ అని శీర్షిక కొట్టాం. ఆమె అధికారుల దగ్గర స్క్రీన్ ముందు నిలబడి వాదించింది, ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతిది మూడో స్థానం. ‘కాంస్యం’ అని మార్చాం. కాసేపటికి వూను అనర్హురాలిని చేశారు. మళ్లీ మార్చాం, ఈసారి ‘రజతం’. పేజీ పెట్టే కుర్రాడు నా వైపు చూసిన చూపు మర్చిపోలేను.

అదైనా అదే రాత్రి తేలింది. 2018 జకార్తాలో 4x400 మిక్స్‌డ్ రిలేలో మనది రజతం. గెలిచిన బహ్రెయిన్ జట్టులో ఒకరు డోపింగ్‌లో దొరికితే 2020లో అది స్వర్ణమైంది, మొత్తం స్వర్ణాలు 15 నుంచి 16కు పెరిగాయి. అప్పట్లో మేం వేసిన ప్రత్యేక పేజీలో మాత్రం ఇంకా 15 అనే ఉంది.