కావాలనే తెంచే ప్లాస్టిక్: ఈ పద్ధతి ఎక్కడ్నుంచి వచ్చింది

చెన్నైలో అంబత్తూరు, గిండీ వైపు ప్లాస్టిక్ యూనిట్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు, కొత్తగా చేరిన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, శుభ్రమైన పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌లో పెరాక్సైడ్ అనే రసాయనం పోసి కావాలని ఎందుకు పాడు చేస్తున్నారు అని. ప్లాస్టిక్, రబ్బర్‌లలో అణువుల పొడవాటి గొలుసుల్ని లెక్క ప్రకారం తెంచే ఈ పనికి 200 ఏళ్ల చరిత్ర ఉంది, అది తెలియకే ఈ అనుమానం.

1820లో లండన్‌లో థామస్ హాంకాక్ రబ్బర్ తుక్కు వృథా పోతోందని పళ్ల రోలర్ మెషీన్‌లో వేస్తే, ముక్కలైపోవాల్సింది కాస్తా వేడి వేడి ముద్దయి కూర్చుంది. గుట్టు బయటపడకూడదని ఆ మెషీన్‌ని పికిల్ అని పిలుస్తూ చాలా ఏళ్లు దాచాడు. ఎందుకు మెత్తబడిందో అప్పుడెవరికీ తెలీదు, ఇలాంటి పాలిమర్ అంటే పొడవాటి గొలుసని జర్మన్ కెమిస్ట్ స్టాడింగర్ చెప్పిందే 1920లో కదా.

తిరువొత్తియూరులో 1946లో బెలూన్లతో మొదలైన ఎమ్మారెఫ్ కంపెనీ 1952లో టైరు పైపొరకి వాడే ట్రెడ్ రబ్బర్‌లోకి దిగింది, ఆ పనిలో పచ్చి రబ్బర్ ముందు నలగాల్సిందే. రెండు రోలర్ల మధ్య రబ్బర్‌ని నలిపే టూ రోల్ మిల్లు దగ్గర నిలబడి చూడండి, మొదట చిల్లులతో గరుగ్గా తిరిగే షీటు కాసేపటికి నున్నగా రోలుకి అతుక్కుంటుంది, గొలుసులు తెగి మెత్తబడిందన్నమాట. రోలు చల్లగా ఉంటేనే గొలుసులు బాగా తెగుతాయి, ఎందుకంటే గట్టి రబ్బర్‌లోనే లాగుడు గొలుసు దాకా వెళ్తుంది. తెగిన కొసల్ని గాల్లో ఆక్సిజన్ మూసేస్తుంది, అదే నైట్రోజన్‌లో నలిపితే కొసలు మళ్లీ కలిసిపోయి పెద్దగా మెత్తబడదు. 1950లలో ఆ కొసలకి ఆక్సిజన్ అందకుండా వేరే మోనోమర్ (గొలుసులో ఒక్కో లింకు అయ్యే చిన్న అణువు) అందించి కొత్త గొలుసులు పెంచారు, నాకైతే మొత్తం కథలో అసలు మలుపు ఇదే, తెగిన చోటే కొత్త గుణం అతికించొచ్చని తేలింది.

1954లో ఇటలీ కెమిస్ట్ నట్టా పాలీప్రొపిలీన్ చేశాక పెరాక్సైడ్ వంతు వచ్చింది. దీంట్లో ఒకటి విడిచి ఒక కార్బన్‌కి మిథైల్ కొమ్మ ఉంటుంది, పెరాక్సైడ్ వల్ల అక్కడి హైడ్రోజన్ ఊడితే పక్కనే గొలుసు తెగుతుంది, అదే పెరాక్సైడ్ పాలీఇథిలీన్‌లో వేస్తే గొలుసులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పొడుగు గొలుసులే ఎక్కువ తెగుతాయి కాబట్టి మిగిలినవాటి సైజుల్లో తేడా తగ్గి సన్నటి దారం తెగకుండా సాగుతుంది. కరిగిన ప్లాస్టిక్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె ఎమ్ఎఫ్ఐ, అది గోనె సంచుల గ్రేడ్‌కి 3 దగ్గరుంటే మాస్కుల్లో వాడే సన్నటి దారాల మెల్ట్ బ్లోన్ గుడ్డకి చాలాసార్లు 1000 దాటాలి, 2020లో ప్రపంచమంతా వెతుక్కున్నది ఆ గుడ్డ కోసమే. పెరాక్సైడ్‌తో పాటు మలేయిక్ ఎన్‌హైడ్రైడ్ అనే మరో రసాయనం వేస్తే గొలుసుకి అది అతుక్కుని, గ్లాస్ ఫైబర్‌ని కూడా పట్టుకునే జిగురవుతుంది, కాకపోతే గొలుసులూ కొన్ని తెగుతాయి.

ఇప్పుడు గొడవంతా రీసైకిల్ గ్రాన్యూల్స్‌తో. మేడ మీద ఎండకి ఎండిన బకెట్లో గొలుసులు ముందే ఎన్ని తెగాయో ఎవరూ లెక్కపెట్టరు, అందుకని ప్రతి బ్యాచ్‌కీ ఎమ్ఎఫ్ఐ చూసుకోవాల్సిందే, వర్జిన్‌కి, అంటే కొత్త ప్లాస్టిక్‌కి, వేసే పెరాక్సైడ్ మోతాదే కళ్లు మూసుకుని దీనికీ వేస్తే సరుకు పెళుసైపోతుంది.