కాంటాక్ట్ అంటే ఎంత దూరం? ప్రోటీన్ లోపలి లెక్క వెనుక కథ

ఒకే ప్రోటీన్ నిర్మాణం ఉన్న ఫైలును ఇద్దరి చేతిలో పెట్టి, ఇందులో ఏ అమైనో ఆమ్లం దేన్ని తాకుతోందో జాబితా రాసివ్వమని అడగండి. రెండు జాబితాలూ కలవవు. ఇద్దరిలో ఎవరూ పొరపాటు చేయకపోయినా కలవవు. ఒకరు ఆల్ఫా కార్బన్ (ప్రతి అమైనో ఆమ్లం నడిమి కార్బన్) నుంచి ఆల్ఫా కార్బన్‌కు కొలిచి ఉంటారు. ఇంకొకరు హైడ్రోజన్లు కాని పరమాణువులన్నిటినీ చూసి, వాటిలో ఏ రెండైనా 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే చాలనుకుని ఉంటారు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఈ హద్దును, అంటే కటాఫ్‌ను, అర ఆంగ్‌స్ట్రామ్ అటూ ఇటూ జరిపితే చాలు, జాబితాలోకి కొత్త జతలు వచ్చి చేరతాయి, లేదా ఉన్నవి జారిపోతాయి.

ఆ జాబితా మీద ఆధారపడి పెద్ద పెద్ద మాటలే అంటారు. ఈ మ్యుటేషన్‌తో ప్రోటీన్ ఎందుకు చెడింది, ఈ మందు ఎక్కడ అతుక్కుంటోంది, ఈ ఎంజైమ్ వేడికి ఎలా తట్టుకుంటోంది అన్నవన్నీ అక్కడి నుంచే చెబుతారు. కటాఫ్ ఎంత పెట్టారన్నది మాత్రం చాలాసార్లు ఏదో మూలన ఉంటుంది, కొన్నిసార్లు అసలే ఉండదు. నాకిది చిన్న విషయంగా కనిపించదు. ప్రోటీన్‌లో పరమాణువులున్నాయి, వాటి మధ్య దూరాలున్నాయి. 'కాంటాక్ట్' అనే గీత మాత్రం మనం గీసిందే.

ఫైలు తెరిచి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. ఒక్కో వరుసలో ఒక్కో పరమాణువు. దాని పేరు, అది ఏ రెసిడ్యూలోదో, ఆపైన ఎక్స్, వై, జెడ్ అంటూ మూడు అంకెలు. గొలుసులో చేరేటప్పుడు నీటిని వదిలేయగా మిగిలిన అమైనో ఆమ్లాన్నే రెసిడ్యూ అంటారు. ఏది దేన్ని తాకుతోందనే కాలమ్ అందులో లేదు. రెండు వరుసల అంకెలు తీసివేసి, వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే దూరం వస్తుంది. అంతవరకూ పేచీ లేదు. పేచీ ఎక్కడ మొదలవుతుందంటే, ఒక ఆర్జినిన్, ఒక గ్లుటమేట్ ఎదురెదురుగా ఉన్నాయనుకోండి. ఈ రెండు అమైనో ఆమ్లాలకూ పొడవాటి సైడ్ చెయిన్లు, అంటే గొలుసు నుంచి పక్కకు పొడుచుకొచ్చే కొమ్మలు. వాటి కొసల్లో ధనావేశం, రుణావేశం దాదాపు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో గట్టిగా పట్టుకుని ఉంటాయి. కానీ మొదళ్లలోని బీటా కార్బన్ల మధ్య కొలిస్తే 8 దాటిపోవచ్చు. బీటా కార్బన్ల లెక్క వాడేవాళ్లకు ఆ పట్టు కనిపించదు. అదే, బీటా కార్బన్లు దగ్గరగా ఉండి సైడ్ చెయిన్లు చెరో వైపు తిరిగి ఉంటే, తాకిడే లేని జత జాబితాలోకి ఎక్కుతుంది.

ఇలాంటి లెక్కలకు అవకాశం రావాలంటే ముందు ప్రోటీన్ ఎలా ఉంటుందో కనబడాలి. 1958లో జాన్ కెండ్రూ బృందం స్పెర్మ్ తిమింగలం కండరాల్లో ఆక్సిజన్‌ను దాచే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రూపాన్ని మొదటిసారి చూపించింది. రెండేళ్లకు అదే ప్రోటీన్‌ను 2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూడగలిగారు. దాని నమూనాను 1 ఆంగ్‌స్ట్రామ్‌కు 5 సెంటీమీటర్ల చొప్పున, నిలువు కడ్డీల అడవి మధ్య కట్టారు. 153 రెసిడ్యూల ఆ గొలుసు, అప్పటిదాకా ఊహించుకున్న పొందికైన ఆకారానికి దరిదాపుల్లో లేదు. ముద్దలా చుట్టుకుపోయి ఉంది. గొలుసులో ఎంతో దూరంగా ఉన్న రెసిడ్యూలు ఆ ముద్దలో పక్కపక్కన చేరాయి. ఏది ఏ పక్కన చేరింది, ఎందుకు చేరింది అన్న ప్రశ్నకు అప్పుడు ఆధారం దొరికింది.

అయితే పరమాణువులు ఎంత దగ్గరికి రావచ్చన్న గొడవ అంతకంటే ముందే, మద్రాసులో మొదలైంది. ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954, 1955లలో చర్మం, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కు మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ దాన్ని విమర్శించారు. మూడు పేటలన్న ఊహ మంచిదే గానీ, అందులో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని వాళ్ల అభ్యంతరం. మరీ దగ్గర అంటే ఎంత? దానికి అప్పటికి అందరూ ఒప్పుకున్న పట్టిక ఏదీ లేదు. రామచంద్రన్ వాదన పెంచుకోలేదు, కొలవడానికి కూర్చున్నారు. అమైనో ఆమ్లాలు, చిన్న పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు) వంటి వాటి స్ఫటిక నిర్మాణాలు అప్పటికి ఎన్ని వెలువడితే అన్నిటినీ ముందేసుకుని, బంధం లేని రెండు పరమాణువులు నిజంగా ఎంత దగ్గరికి వస్తున్నాయో ఆయన బృందం లెక్క తీసింది.

ఆ లెక్కలో ప్రతి జతకూ రెండు హద్దులు పెట్టారు: మామూలు హద్దు, అంతకు మించి కుదరదనే చివరి హద్దు. రెండు కార్బన్లయితే 3.2, 3.0 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండు హైడ్రోజన్లయితే 2.0, 1.9. ఈ హద్దులతో పెప్టైడ్ గొలుసును ఒక్కో కోణంలో తిప్పి చూస్తే, ఎక్కడ పరమాణువులు ఢీకొంటాయో, ఎక్కడ చోటు దొరుకుతుందో తేలింది. 1963లో రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ప్రచురించిన పటం అదే. ఇప్పుడు ప్రపంచమంతా రామచంద్రన్ ప్లాట్ అంటోంది. కొత్త ప్రోటీన్ నిర్మాణం వస్తే ఇవాళ్టికీ ముందుగా పరీక్షించే వాటిలో అదొకటి. ఆ పటాన్ని పాఠంలో కోణాల బొమ్మగా చెప్పి వదిలేస్తారు. దాని పునాది కాంటాక్ట్ దూరాల పట్టిక అన్న మాట కూడా చెప్పాలని నా కోరిక. రెండు హద్దులు పెట్టడంలో ఒక నిజాయితీ ఉంది. గీత కత్తితో కోసినట్టు ఉండదని వాళ్లు మొదటే ఒప్పుకున్నారు.

1971లో ప్రోటీన్ నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ ఏడు నిర్మాణాలతో మొదలైంది. అదే ఏడాది బి. లీ, ఫ్రెడరిక్ రిచర్డ్స్ దూరాన్ని పక్కనపెట్టి ఇంకో దారి పట్టారు. 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసార్థం ఉన్న బంతిని నీటి అణువనుకుని ప్రోటీన్ ఉపరితలం మీద దొర్లిస్తే, అది చేరలేని చోట రెసిడ్యూలు ఒకదాన్నొకటి కప్పుకున్నట్టే లెక్క.

దాదాపు ఆ రోజుల్లోనే డేవిడ్ ఫిలిప్స్, తర్వాత నిషికావా, ఊయి దూరాలను గళ్ల పటంగా వేయడం మొదలుపెట్టారు. అడ్డంగా రెసిడ్యూ నంబర్లు, నిలువుగానూ అవే నంబర్లు. 10వ రెసిడ్యూ 80వ దానికి దగ్గరగా ఉంటే ఆ గడిలో చుక్క. ఒకసారి అలవాటైతే ఈ పటాన్ని చదవడం సులువే. గొలుసు స్ప్రింగులా మెలితిరిగిన ఆల్ఫా హెలిక్స్‌లో ప్రతి రెసిడ్యూ తనకు నాలుగు స్థానాల అవతలి దానికి దగ్గరవుతుంది కాబట్టి, వికర్ణాన్ని ఆనుకుని దళసరి పట్టీ కనిపిస్తుంది. ఎదురు దిశల్లో సాగే బీటా పోగులు (చాచుకుని ఉండే గొలుసు భాగాలు) వికర్ణానికి అడ్డంగా గీతలు గీస్తాయి. ఒకే దిశలో సాగేవి సమాంతరంగా గీస్తాయి. వికర్ణానికి దూరంగా ఎక్కడో చిన్న చుక్కల గుంపు ఉంటే, గొలుసు మడతపడి దూరపు భాగాలు కలిసిన చోటు అదే. దీనికే కాంటాక్ట్ మ్యాప్ అని పేరు.

1985లో మియజావా, జెర్నిగన్ ఈ చుక్కలను లెక్కపెట్టి శక్తి విలువలుగా మార్చారు. ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో ఏర్పడే 210 జతల్లో ఏవి ఎక్కువగా పక్కపక్కన కనిపిస్తాయో చూసి, వాటి మధ్య ఆకర్షణను అంచనా వేశారు. వాళ్ల కటాఫ్ 6.5 ఆంగ్‌స్ట్రామ్‌లు. కొలిచింది సైడ్ చెయిన్ల కేంద్రాల మధ్య. ఆ పట్టికను బీటా కార్బన్ల దూరాలకు తగిలిస్తే అర్థం మారిపోతుంది.

ఒక్క కాంటాక్ట్ మనిషి ప్రాణం మీదికి తెస్తుందనడానికి సికిల్ సెల్ వ్యాధే సాక్ష్యం. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటమిక్ ఆమ్లానికి బదులు వాలిన్ ఉందని వెర్నన్ ఇన్‌గ్రామ్ 1957లో చూపించారు. ఆక్సిజన్ వదిలేసిన స్థితిలో ఆ వాలిన్ పక్క హిమోగ్లోబిన్ మీద 85వ ఫినైల్ అలనిన్, 88వ ల్యూసిన్ కలిసి ఏర్పరిచే గుంటలో కూర్చుంటుంది. అలా ఒకదానికొకటి తగులుకుంటూ పోయి పోగులవుతాయి, ఎర్ర రక్తకణం వంగిపోతుంది. గ్లుటమిక్ ఆమ్లం ఉన్నప్పుడు దాని ఆవేశం వల్ల ఆ నూనెలాంటి గుంటలో కుదురుకోలేదు. దూరం ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది. ఏ స్వభావం ఉన్నది దేనికి ఆనిందో కూడా చూడాలి.

మామూలు స్పష్టత ఉన్న ఎక్స్‌రే నిర్మాణాల్లో హైడ్రోజన్లు కనిపించవన్నది ఇంకో చిక్కు. ఆస్పరజిన్, గ్లుటమిన్ సైడ్ చెయిన్ల కొసల్లో నైట్రోజన్, ఆక్సిజన్ ఎలక్ట్రాన్ సాంద్రతలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి తారుమారుగా పెట్టేసే అవకాశం ఉంది. 1999లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేన్, డేవిడ్ రిచర్డ్‌సన్‌ల బృందం హైడ్రోజన్లను చేర్చి, ఈ కొసలను తిప్పి చూసి, 0.4 ఆంగ్‌స్ట్రామ్ లేదా అంతకు మించి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన జతలను క్లాష్‌లుగా పట్టే పద్ధతి తెచ్చింది. రామచంద్రన్ ఒకప్పుడు చేతిలెక్కతో అడిగిన ప్రశ్నే అది.

ఇప్పుడు అందరి నోటా నలిగే 8 ఆంగ్‌స్ట్రామ్‌ల సంగతికి వద్దాం. 1994లో గోబెల్, సాండర్, ష్నైడర్, వలెన్సియా ఒక ఆలోచన చేశారు. ఒకే కుటుంబపు ప్రోటీన్లలో రెండు స్థానాలు జంటగా మారుతూ వస్తుంటే, అవి ఒకదాన్నొకటి తాకుతూ ఉండవచ్చని. ఆలోచన బాగుంది గానీ సంకేతం మసకగా వచ్చింది. క ఖను తాకి, ఖ గను తాకితే, కకూ గకూ మధ్య కూడా సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ ముడి విప్పి నేరుగా ఉన్న సంబంధాలను వేరుచేసే గణిత పద్ధతి 2009 తర్వాత ఊపందుకుంది. ప్రోటీన్ నిర్మాణాల అంచనాకు నడిచే క్యాస్ప్ పోటీలో ఎవరి అంచనా మెరుగో తేల్చడానికి ఒకే కొలబద్ద కావాలి. అక్కడ స్థిరపడింది బీటా కార్బన్ల మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌లు. గ్లైసిన్‌కు బీటా కార్బన్ ఉండదు కాబట్టి దానికి ఆల్ఫా కార్బన్. పోటీలో మార్కులు వేయడానికి అది చక్కని నియమమే. ఒక ఎంజైమ్‌లో ఏ ఉప్పు వంతెన (ధన, రుణావేశాల మధ్య పట్టు) తెగిందో వెతకడానికి పెట్టింది మాత్రం కాదు. అలవాటు కొద్దీ ఆ అంకె అన్నిచోట్లకూ పాకింది.

2018లో ప్రోటీన్ నిర్మాణాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రామ్ మొదటి రూపం అవును, కాదు అనే గీతను వదిలేసి, ప్రతి జతకూ 2 నుంచి 22 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య 64 మెట్లలో దూరపు సంభావ్యతను అంచనా వేసింది. 2020లో వచ్చిన రెండో రూపం నేరుగా పూర్తి నిర్మాణాన్నే ఇచ్చేసింది. దాంతో కాంటాక్ట్‌ల అవసరం తీరిపోయిందని కొందరనుకున్నారు. నాకు తిరగబడి కనిపిస్తోంది. నిర్మాణాలు ఇన్ని దొరుకుతున్నాయి కాబట్టే, వాటి లోపల ఏది దేన్ని పట్టుకుందన్న విశ్లేషణ ఇంకా ఎక్కువమంది చేస్తున్నారు.

పాత చిక్కు కొత్త రూపంలో వచ్చింది కూడా. మోడల్ ఫైలులోనూ అవే ఎక్స్, వై, జెడ్ అంకెలు, అదే పొందిక. రెండు డొమైన్లు (ప్రోటీన్‌లో విడివిడిగా మడతపడే భాగాలు) పక్కపక్కన కనిపిస్తాయి, ప్రోగ్రామ్ నడిపితే వాటి మధ్య కాంటాక్ట్‌ల జాబితా ఠక్కున వస్తుంది. కానీ ఆ రెండిటి స్థానాల మీద మోడల్‌కే నమ్మకం లేదని పక్కనే ఉన్న పీఏఈ పటం (ఒక భాగంతో పోలిస్తే ఇంకో భాగం స్థానంలో ఎంత పొరపాటు ఉండవచ్చో మోడల్ వేసిన అంచనా) చెబుతూ ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ జాబితాలో ఒక్క జతను కూడా నేను లెక్కలోకి తీసుకోను, దూరం 3 ఆంగ్‌స్ట్రామ్‌లే ఉన్నా సరే.