ఆరు బస్తాల బరువు మోసిన కర్ర

మా మేనల్లుడు ఆ పాత టెన్నిస్ రాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి మావయ్యా ఇది, గరిటెలాగుంది!" అన్నాడు. వాడికి పదహారేళ్ళు. చెక్క రాకెట్‌ని ముట్టుకోవడం అదే మొదటిసారి. నాకు కాస్త రోషం వచ్చింది గానీ, చూస్తే నిజంగా గరిటెలాగే ఉంది. పొడుగాటి పిడి, చివర చిన్న తలకాయ.

అది మా నాన్నది. డెబ్బైల్లో విజయనగరం కంటోన్మెంట్ వైపు ఒక మట్టి కోర్టులో, ఆఫీసు నుంచి వచ్చాక దాంతోనే ఆడేవారు. ఇంటికి రాగానే నాలుగు మూలలా నట్లున్న ఒక చెక్క చట్రంలో పెట్టి బిగించేవారు. దాన్ని ప్రెస్ అనేవారు. వానాకాలంలో ఆవకాయ జాడీకి అమ్మ ఎంత కాపలా కాసేదో, ఆ రాకెట్‌కి నాన్న అంత కాపలా కాసేవారు. ప్రెస్‌లో పెట్టకుండా వదిలేస్తే మన తేమగాలికి దాని ముఖం వంకరపోయేది. కర్ర తేమ పీల్చినప్పుడు నార పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అన్నివైపులా ఒకేలా ఉబ్బదు కాబట్టి మెలి పడుతుంది.

బొబ్బిలి వీణని ఒకే పనస మానులోంచి చెక్కుతారు. రాకెట్‌ని అలా చెక్కడానికి వీల్లేదు. వంపు దగ్గర నార తెగిపోయి, బంతి తగలగానే అక్కడే విరుగుతుంది. అందుకే యాష్, బీచ్ లాంటి చెట్ల కర్రని పల్చటి బద్దలుగా కోసి, వంచి, ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించేవారు. నార వంపు వెంటే తిరుగుతుంది. ఎన్ని బద్దలు అతికించినా చివరికి అది నిండు కర్రే. కిరాణా కొట్టు కాటా మీద పెడితే నాన్న రాకెట్ 390 గ్రాములు తూగింది, మావాడి గ్రాఫైట్ రాకెట్ 310.

ఇద్దరం కోర్టుకెళ్ళాం. ముందు సర్వీసులు కొట్టమన్నాను. పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. బంతి దాదాపు అదే వేగంతో పోయింది. వాడు ఆశ్చర్యపోయాడు గానీ నేను పోలేదు. ఆస్ట్రేలియా ఆటగాడు మార్క్ ఫిలిపూసిస్‌తో 1997లో ఒక టెన్నిస్ పత్రిక ఇదే పరీక్ష చేయించింది. అప్పట్లో అందరికంటే గట్టిగా సర్వీసు కొట్టేవాళ్ళలో అతనొకడు. సొంత రాకెట్‌తో సగటున గంటకు 200 కిలోమీటర్ల దరిదాపు వేగం వచ్చింది. చెక్క రాకెట్‌తో తగ్గింది మూడు నాలుగు కిలోమీటర్లే. తేలిక రాకెట్‌ని వేగంగా విసరొచ్చు, కానీ బంతిని గుద్దే బరువు తక్కువ. బరువు రాకెట్ నెమ్మదిగా వస్తుంది గానీ గట్టిగా గుద్దుతుంది. ఆ లాభం ఈ నష్టానికి చెల్లు.

తరవాత ఎదుటినుంచి వచ్చే బంతిని ఫోర్‌హ్యాండ్ కొట్టమన్నాను. అక్కడ తేలిపోయింది. పదింట్లో ఆరు బంతులు కర్ర అంచుకి తగిలి 'ఠక్'మని ఎటో పోయాయి. ఒకటి కంచె దాటి పక్కవాళ్ళ జామచెట్టులో పడింది.

కొత్త రాకెట్లు వచ్చి ఆటలో బలం పెంచాయని అందరూ అంటారు. నేనలా అనుకోను. అవి పెంచింది బలాన్ని కాదు, తప్పు చేసుకునే వీలుని. మిగతా మార్పులన్నీ దాని వెనకే వచ్చాయి.

సర్వీసులో బంతిని మనమే ఎగరేసుకుంటాం, నడిమధ్యన కొట్టడం కష్టం కాదు. ఎదుటివాడు కొట్టిన బంతి అలా కాదు, ఎక్కడో ఓ పక్కకి తగులుతుంది. పక్కకి తగిలితే చేతిలో రాకెట్ మెలి తిరుగుతుంది. కావిడి మోసేవాణ్ణి చూసే ఉంటారు. బద్ద రెండు చివర్లా నీళ్ళ బిందెలుంటే సందులో చప్పున పక్కకి తిరగలేడు. అవే బిందెల్ని భుజం దగ్గరికి జరిపి కట్టుకుంటే సులువుగా తిరుగుతాడు. బరువు ఇరుసుకి ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం. అదీ దూరానికి వర్గంలో పెరుగుతుంది, అంటే దూరం రెట్టింపైతే కష్టం నాలుగింతలు. బరువు మార్చకుండా రాకెట్ తలని నాలుగోవంతు వెడల్పు చేస్తే, మెలి తిరగకుండా నిలబడే శక్తి సగానికి పైగా పెరుగుతుంది.

దీన్ని పట్టుకున్నవాడు హోవార్డ్ హెడ్ అనే అమెరికన్. విమానాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి, తరవాత మంచుమీద జారే అల్యూమినియం స్కీలు చేసి బాగా సంపాదించాడు. ఆ వ్యాపారం అమ్మేసి తీరిగ్గా టెన్నిస్ నేర్చుకోబోతే ఎంతకీ రాలేదు. మామూలు మనిషైతే కోచ్‌ని మార్చేవాడు. హెడ్ రాకెట్‌నే మార్చాడు. 1976లో పేటెంట్ వచ్చింది, ప్రిన్స్ కంపెనీ పేరుతో పెద్దతల అల్యూమినియం రాకెట్ బజారులోకి వచ్చింది. చెక్క రాకెట్ల తల 65 నుంచి 70 చదరపు అంగుళాలైతే, ఇది 110. మొదట్లో అందరూ నవ్వారు, ముసలాళ్ళ రాకెట్ అన్నారు. 1978లో పామ్ ష్రైవర్ అనే పదహారేళ్ళ అమ్మాయి దాంతోనే అమెరికన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్ళాక నవ్వులు తగ్గాయి.

కర్రతోనే పెద్ద తల ఎందుకు చేయలేకపోయారు? ఒక లెక్క చూడండి. రాకెట్‌లో నిలువు తీగలు 18 అనుకుందాం. ఒక్కో తీగని 25 కిలోల లాగుడుతో బిగిస్తారు. మొత్తం 450 కిలోలు. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరు కలిసి ఆ రాకెట్ నెత్తిని పిడివైపు నొక్కుతున్నట్టే. ఆడినా ఆడకపోయినా, రాత్రీ పగలూ ఆ బరువు ఉంటూనే ఉంటుంది. అంత మోస్తూ తల పెద్దది కావాలంటే కర్ర లావెక్కాలి, లావెక్కితే ఎత్తలేం. కార్బన్ నార పొరల్ని జిగురులో తడిపి, అచ్చులో పెట్టి చేసే గ్రాఫైట్ ఫ్రేమ్ వెదురులాగ లోపల బోలు. బరువు తక్కువ, బిగువు ఎక్కువ.

బిగువు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. బంతి తీగల మీద ఉండేది సెకనులో 200వ వంతు మాత్రమే. ఆ దెబ్బకి చెక్క ఫ్రేమ్ వెనక్కి వంగుతుంది. అది మళ్ళీ ముందుకొచ్చి బంతిని తోసేలోపే బంతి వెళ్ళిపోతుంది. వంగడానికి పోయిన శక్తి ఉత్తినే పోయి, చేతిలో జిల్లుమంటుంది. గట్టి ఫ్రేమ్ తక్కువ వంగుతుంది, తక్కువ పోగొడుతుంది.

శక్తిని ఎక్కువ మింగేది నిజానికి బంతే. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేలమీద వదిలితే 135 నుంచి 147 మధ్య ఎగరాలని నియమం. అంటే సగానికి కాస్త తక్కువ శక్తి బంతిలోనే ఆవిరైపోతుంది. తీగలు మాత్రం తీసుకున్నదాంట్లో 90 శాతానికి పైగా తిరిగిచ్చేస్తాయి. నమ్మకం లేకపోతే రాకెట్ అంచుని కాళ్ళకింద తొక్కిపట్టి తీగలమీద బంతి వదలండి. నేలమీదకంటే ఎత్తు లేస్తుంది. అందుకే తీగలు వదులైతే బంతి దూరం పోతుంది, బిగిస్తే అదుపు వస్తుంది. డెబ్బైల్లో ఏలిన స్వీడన్ ఆటగాడు బోర్గ్ తన చెక్క రాకెట్‌ని 36 కిలోల దాకా బిగించేవాడు. ఆరు బస్తాలు కాదు, ఎనిమిదిన్నర!

ఇక గిర్రున తిరిగే బంతి సంగతి. తల పెద్దదయ్యాక, బంతిని నేరుగా తోయకుండా కింద నుంచి పైకి గీరుతూ కొట్టే ధైర్యం వచ్చింది. చిన్న తలతో అలా గీరబోతే మావాడికి తగిలినట్టు అంచు తగులుతుంది. పైకి గీరితే బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతూ పోతుంది, అదే టాప్‌స్పిన్. అలా తిరిగే బంతి తన వెనకాల గాలిని పైకి తోస్తుంది, గాలి బంతిని కిందికి తోస్తుంది. ఎంత గట్టిగా కొట్టినా నెట్ దాటాక గీత లోపలే వాలుతుంది. తొంభైల్లో అమెరికా ఆటగాళ్ళు సంప్రాస్, అగస్సీల ఫోర్‌హ్యాండ్ నిమిషానికి 1800 చుట్ల దగ్గర ఉండేది. తరవాతి తరంలో స్పెయిన్ ఆటగాడు నాదల్‌ది సగటున 3200 ఉండేది. అంటే ఎదుటి గీత చేరేలోపు ఆ బంతి యాభై చుట్ల దాకా తిరిగేది.

దీంట్లో తీగల వాటా కూడా పెద్దదే. మన దగ్గర తీగలు వేయించడాన్ని గట్టింగ్ అంటాం. గట్ అంటే పేగు. ఒకప్పుడు అవి నిజంగానే పశువుల పేగుతో చేసినవి. గట్టింగ్ ప్లాస్టిక్ అయినా మాట మాత్రం పేగుదే మిగిలింది. పేగు తీగ మెత్తన, ఖరీదు, తడిస్తే పాడు. 1997లో బ్రెజిల్ కుర్రాడు కువెర్టెన్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది లక్సిలాన్ కంపెనీ పాలియెస్టర్ తీగలతో. ఆ తీగ నున్నన. బంతి గీరుకున్నప్పుడు నిలువు తీగలు పక్కకి జరిగి, బంతి వదిలేలోపే చటుక్కున వెనక్కొస్తాయి. ఆ వెనక్కొచ్చే ఊపే బంతిని ఇంకాస్త తిప్పుతుంది.

దీనికి ముందు ఓ తమాషా జరిగింది. 1977లో కొందరు నిలువు తీగల్ని రెండు వరసలుగా, అడ్డతీగలతో అల్లకుండా వేసి ఆడారు. సేమ్యాలాంటి ఇటలీ వంటకం పేరుమీద దానికి స్పగెట్టీ రాకెట్ అని పేరొచ్చింది. తీగలు ఇష్టమొచ్చినట్టు జరగడంతో బంతి పిచ్చిగా తిరిగేది. మట్టికోర్టు మీద వరసగా 53 మ్యాచ్‌లు గెలిచిన అర్జెంటీనా ఆటగాడు విలాస్, రొమేనియా ఆటగాడు నస్తాసే పట్టుకొచ్చిన ఆ రాకెట్ ముందు విసుగెత్తి ఆట వదిలేశాడు. టెన్నిస్ సమాఖ్య దాన్ని నిషేధించి, రాకెట్ అంటే ఏమిటో మొదటిసారి నియమాల్లో రాసింది. అంతవరకు ఎవరైనా ఏదైనా పట్టుకుని ఆడొచ్చన్నమాట! ఇరవై ఏళ్ళ తరవాత పాలియెస్టర్ చేసింది అదే పని, కాస్త మర్యాదగా.

తిరిగే బంతి లోపల వాలుతుంటే ఇక నెట్ దగ్గరికి పరిగెత్తే అవసరం ఏముంది? పరిగెత్తినవాడి కాళ్ళ దగ్గర బంతి పడుతుంది. గడ్డి మీద ఆడే వింబుల్డన్ పోటీలో నెట్ ముందు గడ్డి అరగడం మానేసింది, బేస్‌లైన్ దగ్గర, అంటే కోర్టు వెనక గీత దగ్గర అరుగుతోంది. 2001లో వింబుల్డన్ వాళ్ళు పూర్తిగా రై అనే రకం గడ్డికి మారారు, అదీ బేస్‌లైన్ ఆటకి తోడైంది. 2002 ఫైనల్లో హ్యూయిట్, నల్బాండియన్ ఇద్దరూ బేస్‌లైన్ ఆటగాళ్ళే. 1960లోనూ 1961లోనూ వింబుల్డన్ సెమీస్ దాకా వెళ్ళిన మన రామనాథన్ కృష్ణన్ బలంతో కాదు, బంతిని తాకే నేర్పుతో గెలిచేవాడు. ఆ ఆటకి ఇప్పుడు చోటు తక్కువ. నాకు అది లోటే. మా మేనల్లుడికి కాదు, వాడు చూసింది నాదల్‌నే.

1981లో అమెరికా ఆటగాడు మెకన్రో వింబుల్డన్ గెలిచింది చెక్క రాకెట్‌తోనే. తరవాత మగవాళ్ళలో ఇంకెవరూ అక్కడ కర్రతో గెలవలేదు. బోర్గ్ 1991లో మోంటేకార్లోలో మళ్ళీ చెక్క రాకెట్ పట్టుకుని దిగి, మొదటి మ్యాచ్‌లోనే 6-2, 6-3తో ఓడిపోయాడు.

మావాడు మాత్రం మర్నాడూ ఆ గరిటె అడిగాడు. మూడో సాయంత్రం నడిమధ్యన తీగ తెగింది. విశాఖలో గట్టింగ్ వేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాం. మిషన్‌కి బిగించి, 25 కిలోలకి పెట్టబోయి, ఫ్రేమ్ మెడ దగ్గర వేలుతో తట్టి చూశాడు. "ఇరవై దాటించను సార్, ఇది పాతకర్ర" అన్నాడు. 20 చొప్పున 18 తీగలు. అయిదు బస్తాలకి కాస్త తక్కువ.