పెంపుడు కుక్క చివరి రోజులు: అపోహలు, వాస్తవాలు

తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని చెన్నైలో స్థిరపడ్డాను. నా క్లినిక్ ఉత్తర చెన్నైలో ఉంది. పెరంబూరు, విల్లివాక్కం, కొళత్తూరు వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువగా వస్తుంటాయి. కుక్కపిల్లను టీకాలకు తెచ్చినవాళ్లే పదేళ్ల తర్వాత అదే కుక్కను చేతుల మీద మోసుకొస్తారు. వాళ్ల ప్రేమకు ఏ లోటూ ఉండదు. కానీ కొన్ని నమ్మకాల వల్ల కుక్క అనవసరంగా నొప్పి భరిస్తుంది, అది పోయాక ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి మనసులో కుములుతారు. నేను మళ్లీ మళ్లీ వినే మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "వయసైపోయింది కదా డాక్టరమ్మా, నడవలేకపోవడం మామూలే."

వయసు జబ్బు కాదు. ముసలి కుక్క నెమ్మదించిందంటే చాలాసార్లు వెనక కీళ్లవాతమో, పంటి నొప్పో, గుండె జబ్బో ఉంటుంది. కీళ్లవాతానికి మందులున్నాయి, బరువు తగ్గించినా సగం తేడా కనిపిస్తుంది. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారి లేవలేకపోయే కుక్కకు, అది తిరిగే దారిలో రబ్బరు మ్యాట్లు పరిస్తే ఆ రోజే తేడా తెలుస్తుంది.

కుక్క వయసును ఏడుతో గుణించే లెక్క కూడా అన్ని జాతులకూ సరిపోదు. గ్రేట్ డేన్ ఏడెనిమిదేళ్లకే ముసలిదైపోతుంది. ల్యాబ్రడార్ ఎక్కువగా 10 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. పామరేనియన్ 14 దాటినా ఆశ్చర్యం లేదు. ఏడేళ్లు నిండాక ఏడాదికోసారైనా రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. కిడ్నీల శక్తి దాదాపు ముప్పావు వంతు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరగదు. అందుకే నీళ్లు ఎక్కువ తాగుతోంది, మూత్రం ఎక్కువ పోస్తోంది అనిపించినప్పుడే రండి. అన్నం మానేసేదాకా ఆగితే అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

అపోహ: "తింటోంది, తోక ఊపుతోంది. నొప్పేమీ లేదు."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. నొప్పితో ఉన్న కుక్క అరవాలనేమీ లేదు. దవడలో చీము పట్టిన కుక్కలు పెరుగన్నం గిన్నె ఖాళీ చేయడం నేను చూశాను. మీరు ఇంటికి రాగానే తోక ఊపుతుంది, ఎందుకంటే మిమ్మల్ని చూసిన సంతోషం నిజం. నొప్పీ నిజమే.

మరి ఎలా తెలుస్తుంది? రాత్రిళ్లు చూడండి. ఒకచోట పడుకోలేక లేచి తిరుగుతుందా? ఎండ లేకపోయినా, ఏసీ గదిలో కూడా రొప్పుతుందా? మంచం ఎక్కే ముందు ఆగి ఆలోచిస్తుందా? ఒకే కాలును అదేపనిగా నాకుతుందా? ఎప్పుడూ లేనిది, నడుం దగ్గర చెయ్యి వేస్తే గుర్రుమంటుందా? ఎత్తుకుంటే మూలిగే కుక్కను "మొండిదైపోయింది" అని తిట్టకండి. ఇంకొక పని ప్రతి ఇంట్లోనూ చేయొచ్చు. గాఢ నిద్రలో ఉన్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో ఒక నిమిషం లెక్కపెట్టండి. రోజూ 30 దాటుతుంటే గుండె పరీక్ష చేయించాలి. వేపేరిలో 1903 నాటి మద్రాసు వెటర్నరీ కాలేజీ ఉంది. దాని ఆసుపత్రికి చిన్న క్లినిక్‌ల నుంచి కేసులు పంపుతుంటాం. అక్కడ క్యూ పొడుగ్గా ఉంటుందని భయపడి మానేయకండి. పొద్దున్నే వెళ్లండి.

అపోహ: "మేం వేసుకునే నొప్పి మాత్రే సగం ముక్క వేశాం."

దయచేసి వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల్లో కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. సగం ముక్క అయినా అంతే. కుక్కలకు వేరే నొప్పి మందులున్నాయి. అవి కూడా బరువు చూసి ఇవ్వాల్సినవే.

అపోహ: "ఇంజెక్షన్ ఇచ్చి పంపడం పాపం. టైమ్ వస్తే నిద్రలోనే పోతుంది."

పాపపుణ్యాల విషయంలో నేను ఎవరితోనూ వాదించను. ఇష్టం లేదన్న కుటుంబాన్ని ఒత్తిడీ చేయను. చివరిదాకా నొప్పి తగ్గే మందులిస్తాను, పుండ్లు పడకుండా కొన్ని గంటలకోసారి పక్క తిప్పడం నేర్పిస్తాను, కావాలంటే ఇంటికే వస్తాను. కానీ రెండో వాక్యం మాత్రం సరికాదు. నిద్రలో ప్రశాంతంగా పోయే కుక్కలు తక్కువ. కిడ్నీలు పూర్తిగా పోతే నోట్లో పుండ్లు, ఆగని వాంతులు, కొన్నిసార్లు ఫిట్స్ వస్తాయి. గుండె జబ్బు ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మెడ చాచి గాలి కోసం కొట్టుకుంటుంది. ఇవి కళ్లారా చూసినవాళ్లు మళ్లీ ఆ నమ్మకంతో ఉండరు.

ఇంజెక్షన్ అంటే ఏం జరుగుతుందో తెలియక చాలామంది ఎక్కువ భయపడతారు, కాబట్టి వివరంగా చెబుతాను. ముందు మత్తు ఇస్తాం. కుక్క మీ ఒళ్లోనే మగతలోకి జారుకుంటుంది. తర్వాత నరంలోకి మత్తుమందు ఎక్కువ మోతాదులో ఎక్కిస్తాం. ముందు స్పృహ పూర్తిగా పోతుంది, తర్వాతే ఊపిరి, గుండె ఆగుతాయి. ఇది చాలావరకు కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. కళ్లు మూసుకోవు, తెరిచే ఉంటాయి. గుండె ఆగాక కూడా ఒకటి రెండు దీర్ఘశ్వాసలు రావచ్చు, కండరాలు అదరవచ్చు, మూత్రం పోవచ్చు. అప్పటికి దానికి ఏమీ తెలియదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే "ఇంకా బతికే ఉందేమో, మనమే చంపేశామేమో" అన్న ఆలోచన ఏళ్ల తరబడి వదలదు. ఏ డాక్టరైనా ముందే చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

నయం కాని బాధలో ఉన్న జంతువుకు రిజిస్టర్డ్ పశువైద్యుడు ఈ ఇంజెక్షన్ ఇవ్వడం చట్టవిరుద్ధం కాదు. కుక్క కరుస్తోంది, ఇల్లు మారుతున్నాం, చూసుకునేవాళ్లు లేరు అని వచ్చి అడిగేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను.

ఎప్పుడు అన్నది అసలు కష్టం. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక పట్టిక తయారు చేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా కాదా అని ఏడు అంశాలు. ఒక్కోదానికి పదికి మార్కులు, మొత్తం 35 దాటితే బతుకు ఫర్వాలేదని అర్థం. ఇంట్లో అందరూ విడివిడిగా మార్కులు వేసి చూసుకోండి. అమ్మ 40 వేసి, రాత్రిళ్లు మేలుకుని చూసుకునే కొడుకు 20 వేస్తే, ఆ తేడా గురించి కూర్చుని మాట్లాడాలి. సాధారణంగా రాత్రి చూసినవాళ్ల అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది.

అపోహ: "మా గండం తనమీద వేసుకుని పోయింది."

తెలుగు ఇళ్లలో ఇది చాలా బలమైన నమ్మకం. ఇంటాయనకు గుండె ఆపరేషన్ అయిన వారంలోనే కుక్క పోతుంది. ఆ మాట అనుకుంటే గుండెకు కాస్త ఊరట. కాదని నేను ఎవరి ముఖం మీదా చెప్పను. కానీ లోపల జరిగేది వేరు. ఇల్లంతా ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంటే కుక్క రెండు పూటలు తినలేదని ఎవరికీ గుర్తుండదు. చెన్నైలో పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి. వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో జ్వరం, నీరసంతో మొదలై ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చిగుళ్లు తెల్లబడతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. మొదటి రోజుల్లో వస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో చాలా కుక్కలు కోలుకుంటాయి. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు కుక్క బాధ్యత ఒక్కరికి, పక్కింటివాళ్లకైనా సరే, పేరు పెట్టి అప్పగించండి. ఈ గండం మాటను పిల్లల ముందు మాత్రం అనకండి. "నాకు జ్వరం తగ్గాలనే టామీ చచ్చిపోయింది" అని ఎనిమిదేళ్ల పాప నాతో అంది. ఆ బరువు ఆ వయసు మోసేది కాదు.

"ఊరికి పంపించాం" అన్న అబద్ధం కూడా వద్దు. పిల్లలు దసరా సెలవుల్లో ఊరెళ్లి వెతుకుతారు. చనిపోయింది, ఇక రాదు అని మామూలు మాటల్లో చెప్పి, పక్కన కూర్చుని ఏడవనివ్వండి.

అపోహ: "కుక్క కోసం ఇంత ఏడుపేంటి?"

ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అదే ఇంట్లో రెండ్రోజులు అన్నం సయించని మనిషిని ఈ ప్రశ్న వేస్తారు. పిల్లలు విదేశాల్లో ఉండి, భార్య పోయి, పొద్దున ఐదింటికి కుక్కతో నడకే రోజుకు మొదలుగా బతికే పెద్దాయనకు ఇది చిన్న నష్టం కాదు. ఆ ఐదు గంటలకు ఎవరైనా ఒకరు ఆయనతో కొన్నాళ్లు నడవాలి. ఇంట్లో రెండో కుక్క ఉంటే దానికీ తేడా తెలుస్తుంది. 2022లో ఇటలీలో 426 మంది యజమానులను అడిగి చేసిన అధ్యయనంలో, తోటి కుక్క పోయాక మిగిలిన కుక్కల ఆట, తిండి తగ్గాయని చాలామంది చెప్పారు. దాని తిండి, నడక టైములు మార్చకండి. రెండు రోజులు అసలు తినకపోతే తీసుకురండి.

దేహం సంగతి కూడా ముందే అనుకుని పెట్టుకుంటే మంచిది. కాటన్ దుప్పట్లో చుట్టి, కింద పాత తువ్వాలు పరిచి, ఏసీ గదిలో కొన్ని గంటలు ఉంచవచ్చు. చాలా ఫ్లాట్లలో పూడ్చే చోటు ఉండదు, ఖాళీ స్థలంలో లోతు తక్కువ గోతిలో పెడితే వీధి కుక్కలు తవ్వుతాయి. బ్లూక్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థలకు ఫోన్ చేసి దహనం ఏర్పాటు గురించి కనుక్కోండి. పసుపు, కుంకుమ, పూలు పెట్టి పంపాలనుకుంటే పెట్టండి.

ఇంకో కుక్కను ఎప్పుడు తెచ్చుకోవాలన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. వారానికే తెచ్చుకున్నవాళ్లనూ, ఇక వద్దనుకున్నవాళ్లనూ తప్పుపట్టలేం. ఒక్క సందర్భంలో మాత్రం నేను ఆగమంటాను. పోయిన కుక్క పార్వోతో (కుక్కలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే అంటువ్యాధి) పోయి ఉంటే ఆ వైరస్ నేలలో, పగుళ్లలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్ సరిపోదు. బ్లీచ్ కలిపిన నీళ్లతో నేల కడగాలి, పాత పరుపు, గిన్నెలు పారేయాలి. కొత్త పిల్లను టీకాల కోర్సు పూర్తయ్యాకే ఆ ఇంట్లోకి తెచ్చుకోవాలి.