ఐటీఐ ఎవరి కోసం పుట్టింది?

దేశంలోని వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను బాగుచేయడానికి 60 వేల కోట్ల రూపాయల పథకానికి కేంద్ర మంత్రివర్గం 2025 మేలో ఆమోదం తెలిపింది. అక్టోబరు 4న అది పీఎం సేతు పేరుతో మొదలైంది. 200 ఐటీఐలు హబ్‌లుగా ఉంటాయి, 800 వాటికి అనుబంధంగా పనిచేస్తాయి. ఆస్తి ప్రభుత్వానిదే, నిర్వహణ మాత్రం పరిశ్రమలది. ఈ చివరి మాట విన్నప్పటి నుంచి అనంతపురంలో నాకు తెలిసిన తల్లిదండ్రులకు టెన్షన్ పట్టుకుంది. ఫీజు పెంచుతారా? ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన పిల్లాడిని ఇకముందు కూడా చేర్చుకుంటారా? కంపెనీలకు అక్కర్లేని ట్రేడు, అంటే ఫిట్టరు, వెల్డరు లాంటి కోర్సు, ఎత్తేస్తారా? అసలు ఈ బడిని ఎవరి కోసం పెట్టారో తెలుసుకుంటే ఆ భయం ఊరికే పుట్టలేదని అర్థమవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. యుద్ధం అయిపోయాక వాళ్లలో చాలామందిని ఇళ్లకు పంపాలి. ఇంటికొచ్చినవాడు ఏం చేసుకుని బతకాలి? ఆ సమస్య కోసమే 1945 జులైలో పునరావాసం, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ అనే శాఖ ఏర్పడింది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు అక్కడి నుంచే వచ్చాయి. రెండేళ్లు తిరగకుండానే దేశ విభజన జరిగింది. ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన కాందిశీకులకూ బతుకుదెరువు చూపాల్సి వచ్చింది. 1948లో ఎక్స్ఛేంజీల తలుపులు అందరికీ తెరిచారు. 1950లో వృత్తి నిపుణుల శిక్షణ పథకం మొదలై, తొలి విడతలో సుమారు 50 శిక్షణ సంస్థలు వచ్చాయి. ఇప్పటి ఐటీఐలకు మూలం అదే. శాఖ పేరులో పునరావాసం ముందుంది, ఉపాధి తర్వాత వచ్చింది. నాకు ఈ వరుస చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. బతుకు చెదిరినవాడి చేతికి ఒక పని నేర్పి నిలబెట్టడం దాని మొదటి ఉద్దేశం.

అప్పుడు మన సీమ ఎలా ఉంది? 1952లో కరువు వచ్చి ఊళ్లలో గంజి కేంద్రాలు నడిచాయి. కరువు పని అంటే కంకర కొట్టడం, మట్టి మోయడం, చెరువులో పూడిక తీయడం. పని ఉన్నన్నాళ్లు కూలి వస్తుంది. పని ఆగిపోయాక చేతుల్లో బొబ్బలు తప్ప మర్నాడు అక్కరకొచ్చే విద్య ఏదీ మిగలదు. ఇంజనీరింగ్ కాలేజీ మాత్రం మనకు తొందరగానే వచ్చింది. 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో అనంతపురానికి తరలివచ్చిన ఆ కాలేజీయే నేటి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ. కానీ ఇంజనీరుకూ మట్టి మోసే కూలీకీ మధ్య పెద్ద ఖాళీ ఉండేది. వెల్డరు, ఫిట్టరు, వైర్‌మన్, మోటారు మెకానిక్‌లతో ఆ ఖాళీని పూడ్చాల్సింది ఐటీఐయే.

ఈ శాఖ పనితీరును పరిశీలించిన శివరావు కమిటీ సిఫార్సుతో 1956 నవంబరు 1న ఐటీఐల రోజువారీ పాలన రాష్ట్రాల చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ, కర్నూలుకు రాజధాని హోదా పోయిందీ ఆ రోజే. ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ దేశమంతా ఒకేలా ఉండాలని అదే ఏడాది వృత్తి శిక్షణకు ఒక జాతీయ మండలిని పెట్టారు. అనంతపురంలో పాసైన ఫిట్టరు సర్టిఫికెట్‌కు భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీలోనూ విలువ ఉండటానికి కారణం అదే. 1969 ఏప్రిల్ 1 నుంచి డబ్బు భారం కూడా పూర్తిగా రాష్ట్రాల మీద పడింది. బడ్జెట్‌లో ఐటీఐ చివరి వరుసకు జరగడం అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

మా చిన్నాయన 80ల్లో ఫిట్టరు చేశాడు. రెండేళ్ల ట్రేడు అది. మొదటి నెలలన్నీ ఇనుమును అరగదీసే ఆకురాయితోనే గడిచాయట. బెంచ్ వైస్ దవడ మోచేతి ఎత్తుకు రావాలి. ఇనుప ముక్కను అందులో బిగించి ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు నొక్కాలి, వెనక్కి లాగేటప్పుడు వదలాలి. ముక్క చదును అయిందో లేదో కంటికి తెలియదు. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూడాలి. "సందులో వెలుతురు కనపడితే సార్ ఏమీ అనడురా, ముక్క వెనక్కి ఇచ్చేస్తాడు, అంతే" అనేవాడు. అలా ఒక ముక్క నాలుగుసార్లు వెనక్కి వచ్చిందట. ఏడాది చివరికి ఒక ముక్కలో ఇంకో ముక్క గాలి చొరకుండా జారేలా జత కుదర్చడం వచ్చేసింది. తర్వాత గుత్తి డీజిల్ షెడ్‌లో అప్రెంటిస్ చేశాడు. 1961 అప్రెంటిస్ చట్టం వచ్చాకే ఇలా బడి నుంచి నేరుగా షెడ్డుకో, ఆర్టీసీ డిపోకో వెళ్లే దారి పడింది. ఇప్పటికీ సీమ జిల్లాల ఐటీఐ పిల్లలు ఆర్టీసీ అప్రెంటిస్ ఇంటర్వ్యూకి కర్నూలు బళ్లారి చౌరస్తాలోని స్టాఫ్ ట్రైనింగ్ కాలేజీకి ఫైళ్లు చంకన పెట్టుకుని వస్తుంటారు.

చిన్నాయనకు ఒక బాధ మాత్రం మిగిలింది. పాసైనా సర్టిఫికెట్ చేతికి రావడానికి ఏడాది దాటింది. ఆ లోపల ఒక నోటిఫికేషన్ వచ్చి పోయింది. ఇప్పుడు సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో వస్తోంది కాబట్టి ఆ బాధ తప్పింది.

ఆ దశాబ్దంలోనే ఐటీఐలు బాగా పెరిగాయి. 1980లో దేశం మొత్తం మీద 831 ఉంటే 1987కి 1,887 అయ్యాయి. ఉమ్మడి కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు వలస సాగుతోంది. ఉత్త చేతులతో వెళ్లినవాడికీ, ఏసీ మెకానిక్ సర్టిఫికెట్‌తో వెళ్లినవాడికీ జీతంలో తేడా ఉంటుందని ఆ ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. ఇప్పుడు దేశంలో ఐటీఐలు పదిహేను వేలకు దగ్గరలో ఉన్నాయి. వాటిలో నాలుగింట మూడొంతులకు పైగా ప్రైవేటువి.

పరిశ్రమను పిలవడం కూడా ఇప్పుడే కొత్తగా జరుగుతున్నది కాదు. 2007-08లో 1,396 ప్రభుత్వ ఐటీఐలకు తలా రెండున్నర కోట్ల వడ్డీలేని అప్పు ఇచ్చే పథకం తెచ్చి, ఒక్కోదానికి పారిశ్రామికవేత్త అధ్యక్షుడిగా కమిటీ వేశారు. పరిశ్రమలున్న చోట అది బాగానే ఉంటుంది. మన దగ్గర అప్పుడు ఏమున్నాయి? తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం, గుంతకల్లు రైల్వే. అవి దాటితే చెప్పుకోదగ్గవి తక్కువే.

తర్వాత పరిస్థితి మారింది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. నైపుణ్యం ఉన్నవాళ్లు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని అందులోనే రాశారు. అంటే ఫ్యాక్టరీ గేటుకూ ఐటీఐ గేటుకూ మధ్య దూరం మొదటిసారి తగ్గింది. కొత్త యంత్రాలు రావాలి, రోబో వెల్డింగ్, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలు మన పిల్లలూ నేర్చుకోవాలి. పాతబడిన లేతు మీద నేర్చుకుని కొత్త ఫ్యాక్టరీకి వెళ్లిన పిల్లాడు మొదటి రోజే బిత్తరపోతాడు. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

నేను భయపడేది కంపెనీ లెక్కలోకి రాని పిల్లాడి గురించి. వెల్డరు, వైర్‌మన్ ట్రేడుల్లో ఎనిమిదో తరగతి పాసైనవాళ్లూ చేరవచ్చు. చేరేవాళ్లలో కరువు ఊళ్ల పిల్లలు, ఇంట్లో మొదటిసారి బడికి వచ్చినవాళ్లు ఎక్కువ. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు మోటారు వైండింగ్ షాపులు చూడండి. బోర్లమీద బతికే జిల్లా ఇది. ఓల్టేజీ పడిపోయినా, ఒక ఫేజు పోయినా మోటారు కాలిపోతుంది. ఆ షాపులో కూర్చున్నవాడు ఏ కంపెనీ ప్లేస్‌మెంట్ జాబితాలోనూ ఉండడు. పరిశ్రమ కూర్చుని ట్రేడులు నిర్ణయిస్తే మోటారు వైండింగ్ కావాలని అడిగేవాడు ఆ గదిలో ఎవరున్నారు? రైతు తరఫున ఎవరైనా ఒకరు ఆ కమిటీలో కూర్చోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పోయిన ఎండాకాలం అలాంటి ఒక షాపులో గంటసేపు కూర్చున్నాను. ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసిన కుర్రాడు, పాతికేళ్లు ఉంటాయి. కాలిన తీగనంతా లాగేసి, మోటారులో తిరగని భాగమైన స్టేటర్ గాడులు శుభ్రం చేసి, కొత్త రాగి తీగ చుట్లు పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుందని షాపులో ఎవరూ మాట్లాడలేదు. బయట ట్రాక్టరు దగ్గర రైతు నిలబడే ఉన్నాడు. చీనీ (బత్తాయి) చెట్లకు నీళ్లు పెట్టి నాలుగు రోజులైందట. "సాయంత్రానికి దించుకోవచ్చు మామా" అని కుర్రాడు తల ఎత్తకుండానే చెప్పాడు.