అరబ్బీ కోసం అరబ్ దేశానికి వెళ్లాలనుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో నా దగ్గర అరబ్బీ నేర్చుకునే విద్యార్థులలో చాలామంది, కొన్ని నెలలైనా ఏదో ఒక అరబ్ దేశంలో చదివి భాష మీద పట్టు సాధించాలని కోరుకుంటారు. ఆ కోరికను నేను మనసారా ప్రోత్సహిస్తాను. అయితే ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి మరీ పిల్లలను పంపే కుటుంబాలు మన జిల్లాలలో ఉన్నాయి కాబట్టి, ఒక విషయం ముందే స్పష్టం చేయడం నా బాధ్యత అనుకుంటున్నాను. విమానం దిగినంత మాత్రాన భాష రాదు. అక్కడ రోజుకు ఎన్ని గంటలు, ఎవరితో అరబ్బీలో మాట్లాడతారన్న దానిమీదే ఫలితం ఆధారపడి ఉంటుంది.

అపోహ: గల్ఫ్‌లో కొన్నాళ్లుంటే అరబ్బీ దానంతట అదే వచ్చేస్తుంది.

వాస్తవం: ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల నుంచి వెల్డర్లుగా, పైపు ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కు వెళ్లివచ్చినవారు మాట్లాడే నాలుగు ముక్కలు విని ఈ నమ్మకం ఏర్పడింది. యు.ఎ.ఇ., ఖతర్, కువైట్‌లలో స్థానికుల కంటే విదేశీయులే ఎక్కువ కావడంతో దుకాణంలోనూ, టాక్సీలోనూ, కార్మికుల క్యాంపులోనూ హిందీ, మలయాళం, ఇంగ్లీషు భాషలతోనే పని జరిగిపోతుంది. యజమానికీ కార్మికులకూ మధ్య పని చోట పుట్టిన సంక్షిప్తమైన అరబ్బీ ఒకటుంది. భాషాశాస్త్రజ్ఞులు దానిని గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ అని పిలుస్తారు. అసలు అరబ్బీలో క్రియ స్త్రీ పురుష భేదాన్నిబట్టి, ఏక ద్వి బహువచనాలనుబట్టి మారుతుండగా, ఇందులో అది దాదాపు ఒకే రూపంలో ఉండిపోతుంది. కష్టజీవులు అవసరం కొద్దీ కూడగట్టుకున్న ఆ భాషను చులకన చేయడం తప్పని నా అభిప్రాయం. కాని దానితో దినపత్రిక చదవలేరు, దరఖాస్తు రాయలేరు, ఆసుపత్రిలో దుబాసీగా పనిచేయలేరు. భాష కోసమే వెళ్లేవారికి వీధి వ్యవహారమంతా అరబ్బీలోనే నడిచే ఈజిప్టులోని కైరో, జోర్డాన్‌లోని అమ్మాన్ వంటి నగరాలు మేలు.

అపోహ: అక్కడికి వెళ్లాకే అక్షరాలతో మొదలుపెట్టవచ్చు.

వాస్తవం: మొదలుపెట్టవచ్చు గాని, అది చాలా ఖరీదైన పద్ధతి. అరబ్బీలో 28 అక్షరాలున్నాయి. పదంలో వాటి స్థానాన్నిబట్టి రూపం మారుతుంది. హ్రస్వ అచ్చులను సాధారణంగా రాయరు. గొంతు లోపలి నుంచి పలికే ఐన్, హా వంటి ధ్వనులూ, సాద్, దాద్, తా వంటి బరువైన హల్లులూ తెలుగు నోటికి అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఈ సాధనంతా ఇక్కడ, మన ఇంట్లో కూర్చుని చేయవచ్చు. అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు అరబ్బీ నేర్పడానికి 88 వారాలు, సుమారు 2,200 తరగతి గంటలు అవసరమని లెక్క వేసుకుంటుంది. వారానికి 20 గంటల చొప్పున మూడు నెలలు చదివితే అయ్యేది 240 గంటలే. కాబట్టి మూడు నెలల్లో ధారాళంగా మాట్లాడిస్తామనే ప్రకటనలను నమ్మవద్దు.

అపోహ: పుస్తకాల అరబ్బీ వస్తే ఎక్కడైనా సరిపోతుంది.

వాస్తవం: వార్తలకు, పుస్తకాలకు, ప్రసంగాలకు వాడే ఫుస్హా అరబ్ దేశాలన్నింటిలోనూ దాదాపు ఒకటే, కాని ఇళ్లలో, బజారులో ఎవరూ దానిని మాట్లాడరు. అక్కడ నడిచేది ఆమ్మియా, అంటే ఆయా ప్రాంతపు వాడుక భాష. మన యాసకూ పత్రికల తెలుగుకూ ఉన్న దూరం కంటే ఈ దూరం చాలా ఎక్కువ. ‘నాకు కావాలి’ అనడానికి పుస్తకంలో ‘ఉరీదు’ అని ఉంటే, కైరోలో పురుషుడు ‘ఆయిజ్’ అంటాడు, అమ్మాన్‌లో ‘బిద్ది’ అంటారు, మొరాకోలో ‘బ్ఘీత్’ అంటారు. అందువల్ల దేశాన్ని ఎంచుకోవడమంటే ఒక మాండలికాన్ని ఎంచుకోవడమే. సినిమాల వల్ల ఈజిప్టు వాడుక భాష చాలా దేశాలలో అర్థమవుతుంది. మొరాకో వాడుక భాష తూర్పు అరబ్బులకే కష్టం. ఫుస్హాతోపాటు ఏదో ఒక మాండలికాన్ని మాత్రమే పట్టుదలగా నేర్చుకోవాలన్నది నా సలహా. రెండు మూడు కలిపితే ఏదీ నిలవదు. చేరే ముందు ఆ సంస్థలో ఆమ్మియాకు విడిగా తరగతి ఉన్నదో లేదో తప్పక అడగండి.

అపోహ: ఉర్దూ వస్తే, లేదా ఖురాన్ పారాయణం వస్తే అరబ్బీ వచ్చినట్టే.

వాస్తవం: లిపి, ఉచ్చారణ, కొంత పదజాలం కలిసివస్తాయి, వ్యాకరణం మాత్రం పూర్తిగా వేరు.

అపోహ: మన తెలుగువాళ్లతో కలిసి ఒకే గదిలో ఉంటే అన్నివిధాలా మంచిది.

వాస్తవం: విజయనగరం నుంచి వచ్చే తల్లిదండ్రులు నన్ను మొదట అడిగేది దీని గురించే. వారి భయాన్ని నేను అర్థం చేసుకోగలను. అయినా తరగతిలో నాలుగు గంటలు అరబ్బీ విని, సాయంత్రం నుంచి నిద్రపోయేదాకా తెలుగులోనే మాట్లాడే విద్యార్థి, ఇక్కడ ఉండి చదివినవారి కంటే పెద్దగా ముందుకు పోడు. సంస్థ ద్వారా స్థానిక కుటుంబంతోనో, స్థానిక విద్యార్థులతోనో బస కుదిరితే భద్రతా ఉంటుంది, భాషా వస్తుంది. అది కుదరకపోతే, ఇంగ్లీషు మెరుగుపరచుకోవాలనుకునే అక్కడి విద్యార్థిని వెతుక్కుని రోజూ అరగంట ఇంగ్లీషు, అరగంట అరబ్బీ మాట్లాడుకునే ఏర్పాటు చేసుకోవాలి. రంజాన్ నెలలో తరగతుల వేళలు తగ్గుతాయి గాని, ఇఫ్తార్ తరువాత వీధులు అర్ధరాత్రి దాకా మేలుకుని ఉంటాయి. సంభాషణకు అది మంచి అవకాశం.

అపోహ: విదేశం వెళ్లే స్తోమత లేనివారికి అరబ్బీ రాదు.

వాస్తవం: శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, తెలుగూ సవరా రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు, తరువాత ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆ మార్గం అరబ్బీకీ వర్తిస్తుంది. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ (ఇఫ్లూ), ఉస్మానియాలోనూ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ అరబ్బీ శాఖలున్నాయి. అరబ్ దేశాల నుంచి వైద్యానికి వచ్చేవారితో మాట్లాడే అవకాశం హైదరాబాదు పెద్ద ఆసుపత్రులలో ఉంది. ఇలా ఏడాదిపాటు చదివి, ఆ తరువాత విదేశం వెళ్లగలిగినవారు స్థాయి పరీక్ష రాసి నేరుగా మధ్యస్థాయి తరగతిలో చేరవచ్చు. ప్రారంభస్థాయికి కట్టవలసిన ఫీజూ, ఆ నెలల గది అద్దే మిగులుతాయి.